హెచ్చరిక మన గడప దాటి లోపలికి రావాలి



వాన రాని ఏడాది మనకు కొత్త కాదు. బిందె నీళ్ళ కోసం బోరింగు దగ్గర వరుస కట్టిన తల్లులు, ఎండిన చెరువులో క్రికెట్ ఆడిన పిల్లలు మన ఇళ్ళలోనే ఉన్నారు. అందుకే చాలామంది, "వరదలు గోదావరి జిల్లాల వాళ్ళకు, తుపాన్లు సముద్రం ఒడ్డున ఉండేవాళ్ళకు. కరవు సీమలో ఉన్న మనకెందుకు ఆ గొడవ?" అంటారు. 2021 సంవత్సరం ఆ మాట తప్పని మనకు చూపింది.

యెహెజ్కేలు గ్రంథం 33వ అధ్యాయంలో ఒక కావలివాడి సంగతి ఉంది. ఆపద వస్తున్నదని చూడటం, బాకా ఊదటం అతని పని. ఆ శబ్దం విని జాగ్రత్తపడటం ఊరి వారి పని. ఈ రెండింటిలో ఏది జరగకపోయినా ప్రాణం పోతుంది. ఈ రోజుల్లో ప్రభుత్వం ఆ కావలి పనికి ఉపగ్రహాలను, రాడార్లను, కంప్యూటర్లను, సెల్ ఫోన్లను వాడుతున్నది. కనుక ఈ ఆరోగ్య పాఠంలో మూడు ప్రశ్నలకు జవాబు తెలుసుకుందాం. మన కోసం ఎవరు చూస్తున్నారు? చూసింది మనకెలా చెబుతున్నారు? విన్న తరువాత మనం ఏం చేయాలి?

2021లో మన దగ్గర జరిగింది

మన ప్రాంతానికి అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య ఋతుపవనాల కాలం. బంగాళాఖాతంలో పుట్టిన వాయుగుండం తమిళనాడు ఉత్తర తీరం దగ్గర గాని, నెల్లూరు దగ్గర గాని ఒడ్డు చేరితే, తేమతో నిండిన గాలి వచ్చి మన శేషాచలం కొండలకు తగులుతుంది. పైకి లేచిన ఆ గాలి చల్లబడి కుండపోతగా కురుస్తుంది.

2021 నవంబరు 18న జరిగింది ఇదే. తిరుపతిలో వీధులు ఏరులయ్యాయి. తిరుమల ఘాట్ రోడ్లు మూసివేయవలసి వచ్చింది. స్వర్ణముఖి పొంగి, తిరుచానూరు వైపు ఒడ్డున కట్టిన ఇళ్ళు కూలిపోయాయి. పొరుగున ఉన్న కడప జిల్లాలో నవంబరు 19 తెల్లవారుజామున చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగింది. పులపత్తూరు, మందపల్లి, తొగూరుపేట వంటి ఊళ్ళ మీద నీళ్ళు పడి, పదుల సంఖ్యలో ప్రాణాలు పోయాయి. ఆ ప్రాజెక్టు అయిదు గేట్లలో ఒకటి పనిచేయలేదని ఆ తరువాత పార్లమెంటులో కేంద్ర మంత్రి చెప్పారు.

అంతకు నెల ముందు, అక్టోబరులో, మరొకటి జరిగింది. తిరుపతి వెస్ట్ చర్చి దగ్గరి రైల్వే అండర్ బ్రిడ్జి కింద వాన నీరు నిలిచింది. కర్ణాటక నుంచి వచ్చిన ఒక కుటుంబం వాహనం రాత్రివేళ ఆ నీటిలోకి దిగి చిక్కుకున్నది. కొత్తగా పెళ్ళయిన ఒక యువతి చనిపోయింది. గట్టి వాన పడితే ఆ బ్రిడ్జి కింద నీళ్ళు నిలుస్తాయని ఆ వీధిలో వాళ్ళకు తెలుసు. పొరుగు రాష్ట్రం నుంచి వచ్చినవాళ్ళకు తెలియదు. సమాచారం ఉంది, అవసరమైన మనిషికి అవసరమైన నిమిషంలో చేరలేదు. ఈ పాఠమంతా ఈ ఒక్క మాట చుట్టూ తిరుగుతుంది.

ఎవరు చూస్తున్నారు?

మొదటి కన్ను ఉపగ్రహం. మన జిల్లా అంచున ఉన్న శ్రీహరికోట నుంచి 2016లో ఇన్సాట్-3డీఆర్, 2024 ఫిబ్రవరిలో ఇన్సాట్-3డీఎస్ అనే వాతావరణ ఉపగ్రహాలను ప్రయోగించారు. భూమికి సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున అవి నిలిచి, మేఘాల బొమ్మలను పగలూ రాత్రీ పంపుతుంటాయి. సముద్రం మధ్యలో వాయుగుండం పుట్టినా, అది ఎటు కదులుతున్నదీ వాతావరణ శాఖకు ఇలా తెలుస్తుంది.

రెండవ కన్ను డాప్లర్ రాడార్. ఇది రేడియో తరంగాలను పంపి, వాన చినుకులకు తగిలి తిరిగి వచ్చిన తరంగాలను లెక్కగడుతుంది. వాన ఎంత దట్టంగా ఉంది, గాలి ఎంత వేగంతో ఎటు వీస్తున్నది అనేవి దీనితో తెలుస్తాయి. చెన్నైలో 2002లోను, శ్రీహరికోటలోను మచిలీపట్నంలోను 2004లోను ఇలాంటి రాడార్లు వచ్చాయి.

మూడవది మన పక్కనే ఉంది. తిరుపతి నుంచి చిత్తూరు వెళ్ళే దారిలో గాదంకి దగ్గర జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల ఉంది. బస్సులో వెళుతూ ఆ బోర్డు చూసే ఉంటారు. అక్కడ 1990ల మొదట్లో నెలకొల్పిన రాడారుకు 1,024 యాంటెన్నాలు ఉన్నాయి. ఒక్కొక్క వైపు 130 మీటర్ల పొడవున్న చదరపు నేలలో అవి మడిలో నాటిన నారులాగా వరుసగా నిలబడి ఉంటాయి. మన తల మీద ఎంతో ఎత్తున వీచే గాలులను అవి చదువుతాయి. రేపు మీ వీధిలో వాన పడుతుందా అని చెప్పటం దాని పని కాదు. ఋతుపవనాలు ఎలా నడుస్తాయో శాస్త్రజ్ఞులకు నేర్పటం దాని పని. ఆ చదువు మీదనే మంచి సూచనలు తయారవుతాయి.

నాలుగవది నేల మీది కొలతలు. మండలాలలో తమంతట తామే వానను, ఎండను కొలిచి పంపే చిన్న వాతావరణ కేంద్రాలు ఉన్నాయి. జలాశయాలలో నీటిమట్టం ఎంత, లోపలికి వచ్చేది ఎంత, బయటికి వదిలేది ఎంత అనే లెక్కలు రాష్ట్ర జలవనరుల శాఖ కంప్యూటర్లకు చేరుతాయి. నదుల మట్టాన్ని కేంద్ర జల సంఘం చూస్తుంది.

వాన లెక్క మనకు అర్థం కావాలి కనుక ఒక చిన్న గణితం చెబుతాం. టీవీలో "200 మిల్లీమీటర్ల వర్షం" అంటారు. 200 మిల్లీమీటర్లు ఒక ఎకరం మీద పడితే సుమారు 8 లక్షల లీటర్లు. 5,000 లీటర్ల నీళ్ళ ట్యాంకర్లు 160 తెచ్చి ఒక్క ఎకరంలో ఒంపినట్టు. కొండల మీద వేల ఎకరాల్లో అలా పడితే, ఆ నీరంతా వంకల్లో దిగి వచ్చేది మన వీధుల్లోకే. మన ఊళ్ళో వాన తగ్గినా కొండ మీద పడిన నీరు తరువాత వస్తుంది. అందుకే "వాన నిలిచింది గదా" అని వంక దగ్గరికి వెళ్ళకూడదు.

చూసింది మనకెలా చెబుతున్నారు?

చూడటం ఒక ఎత్తు, చెప్పటం ఒక ఎత్తు. 1977 నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన పడినప్పుడు పది వేల మందికి తగ్గకుండా చనిపోయారు. తుపాను వస్తున్నదని వాతావరణ శాఖకు తెలియకపోలేదు. ఆ మాట లంక గ్రామాల గుడిసెలకు, అందరూ కదిలేలా చేరలేదు. ఆ తరువాత 1980లలో ఇన్సాట్ ఉపగ్రహం ద్వారా తీరప్రాంత కార్యాలయాలకు హెచ్చరికను నేరుగా పంపే ఏర్పాటు జరిగింది. తుపాను షెల్టర్లు కట్టారు. 1990 మే 9న అదే కృష్ణా ముఖద్వారం దగ్గర చాలా తీవ్రమైన తుపాను తీరం దాటింది. అప్పటికి ఆరు లక్షలకు పైగా ప్రజలను సురక్షిత స్థలాలకు తరలించారు. మరణాలు వెయ్యి లోపే. వెయ్యి కూడా చిన్న సంఖ్య కాదు. కాని 1977తో పోల్చి చూడండి.

2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు హిందూ మహాసముద్రానికి హెచ్చరిక కేంద్రమే లేదు. 2007లో హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థలో ఆ కేంద్రం మొదలైంది. సముద్రం అడుగున భూకంపం వచ్చిన కొద్ది నిమిషాల్లోనే సునామీ వస్తుందా రాదా అని అది లెక్క కట్టి చెబుతుంది. తడ, సూళ్ళూరుపేట వైపు మన బంధువులున్న వారు ఇది తెలుసుకోవాలి.

మన రాష్ట్రంలో ఈ సమాచారాన్నంతా ఒకచోట చేర్చి ప్రజలకు చెప్పేది రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ. 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం ప్రకారం ఇటువంటి సంస్థలు ఏర్పడ్డాయి. ఏ మండలంలో ప్రమాదం ఉందో ఆ మండలంలోని సెల్ టవర్ల పరిధిలో ఉన్న ఫోన్లకు తెలుగులో మెసేజి పంపే వీలు ఇప్పుడు ఉంది. దీనికి జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ వారి సచేత్ అనే ఏర్పాటు ఉపయోగపడుతుంది. 2023లో దేశమంతటా మరొక పద్ధతిని పరీక్షించారు. ఒక్కసారిగా ఫోను పెద్దగా మోగి, తెర మీద హెచ్చరిక వచ్చింది గుర్తుందా? చాలామంది భయపడి ఫోను కట్టేశారు. కొందరు వైరసు అనుకున్నారు. అది సెల్ బ్రాడ్‌కాస్ట్. మామూలు మెసేజి ఒక్కొక్క నంబరుకు విడివిడిగా వెళుతుంది, రద్దీ ఎక్కువైతే ఆలస్యమవుతుంది. ఇది టవరు కింద ఉన్న ఫోన్లన్నింటికీ ఒకేసారి చేరుతుంది. రేడియో వార్తలాంటిదన్న మాట. మళ్ళీ అలా మోగితే కట్టేయకండి. చదవండి. చదవటం రాని వారికి చదివి వినిపించండి.

రంగుల అర్థం

వాతావరణ శాఖ హెచ్చరికలు నాలుగు రంగుల్లో వస్తాయి.

ఆకుపచ్చ: భయం లేదు. మీ పనులు చేసుకోవచ్చు.
పసుపు: కనిపెట్టి ఉండండి. వార్తలు వింటూ ఉండండి.
నారింజ: సిద్ధపడండి. సంచి సర్దుకోండి.
ఎరుపు: ఇక ఆలస్యం చేయకండి. అధికారులు చెప్పినట్టు కదలండి.

ఒక రోజులో 64.5 మిల్లీమీటర్లు దాటితే భారీ వర్షం అంటారు. 115.6 నుంచి అతి భారీ వర్షం. 204.4 దాటితే అత్యంత భారీ వర్షం.

పిడుగు హెచ్చరిక

వరద కొన్ని గంటల ముందు తెలుస్తుంది. పిడుగుకు అంత వ్యవధి ఉండదు. 2018 ఏప్రిల్ 24న మన రాష్ట్రంలో 13 గంటల్లో 36,749 పిడుగులు పడినట్టు రాష్ట్ర విపత్తుల నిర్వహణ కేంద్రం లెక్కించింది. వేరుశనగ చేలో పని చేసేవారు, గొర్రెలు మేకలు కాసేవారు మన సంఘాల్లో చాలామంది ఉన్నారు. ఆకాశం కింద పని చేసే వీరికే ప్రమాదం ఎక్కువ.

పిడుగులను పసిగట్టే యంత్రాలు మేఘాలలోని మెరుపు సంకేతాలను పట్టి కంప్యూటరుకు పంపుతాయి. పుణేలోని ఉష్ణమండల వాతావరణ సంస్థ చేసిన దామిని అనే యాప్, మీరున్న చోటికి 20 నుంచి 40 కిలోమీటర్ల లోపల పిడుగులు పడే సూచన ఉంటే చెబుతుంది. ఇంట్లో ఒకరి ఫోనులో అయినా ఇది ఉంటే మంచిది. ఫోను లేకపోయినా ఒక గుర్తు ఉంది. ఉరుము వినబడిందంటే పిడుగు మీ దాకా రాగలదు. వెంటనే పక్కా ఇంట్లోకి వెళ్ళండి. చెట్టు కిందికి పోవద్దు. చివరి ఉరుము వినబడిన తరువాత అరగంట దాకా బయటికి రావద్దు. పిడుగు తగిలిన మనిషిని ముట్టుకుంటే షాకు కొడుతుందని కొందరు దూరంగా నిలబడతారు. అది నిజం కాదు. ఆ ఒంట్లో కరెంటు ఉండదు. ఊపిరి ఆడకపోతే, నాడి అందకపోతే వెంటనే గుండెల మీద చేతులతో గట్టిగా, వేగంగా ఒత్తుతూ 108కి ఫోను చేయించండి.

మా తప్పు ఒకటి ఒప్పుకుంటున్నాం

2021 నవంబరులో మాకూ ఫోన్లలో హెచ్చరిక వచ్చింది. జనరేటరుకు డీజిలు పోయించాం. మందుల పెట్టెలను పై అంతస్తుకు మోయించాం. ఆ రాత్రి డ్యూటీ సిస్టర్లను ఇంటికి పంపలేదు. మేము సిద్ధంగా ఉన్నామనే అనుకున్నాం.

మూడు రోజుల తరువాత ఒక అవ్వను ఆటోలో తీసుకు వచ్చారు. ఆమె మా షుగరు క్లినిక్కుకు ఏళ్ళుగా వస్తున్న మనిషే. ఏటి ఒడ్డున చిన్న ఇల్లు. ఆమె ఫోనుకూ మెసేజి వచ్చింది. చదవటం రాదు. బ్యాంకు వాళ్ళ మెసేజి అనుకుని పక్కన పెట్టింది. రాత్రి పక్కింటి అబ్బాయి తలుపు కొట్టి, "అవ్వా, ఏరొస్తా ఉంది, లెయ్, పోదాం" అని చెయ్యి పట్టుకుని బడి దగ్గరికి తీసుకుపోయాడు. ప్రాణం దక్కింది. ఇన్సులిను, చీటీ, సూదులు ఇంట్లోనే ఉండిపోయాయి. "అన్నం పెడతా ఉండారు, అదే చాలనుకున్న్యా నాయనా" అన్నది, తెలివి వచ్చాక. మూడు రోజులు ఇన్సులిను లేక చక్కెర పెరిగిపోయి, స్పృహ తప్పే దశలో మా దగ్గరికి చేరింది. దేవుని కృప వలన కోలుకున్నది.

ఆమె పేరు మా కంప్యూటరులో ఉంది. ఆమె వీధి పేరూ ఉంది. ఏటి ఒడ్డు వీధుల్లో ఉన్న ఇన్సులిను రోగులు ఎవరు అని మేము ఒక్కసారి ఆ కంప్యూటరును అడిగి ఉంటే, హెచ్చరిక వచ్చిన రోజే ఆమెకు ఫోను వెళ్ళేది. మేము అడగలేదు. అడగాలన్న ఆలోచనే మాకు రాలేదు. వాన సంగతి మాకు చెప్పినవారు తమ పని చేశారు. ఆమె సంగతి తెలిసిన మేము మా పని చేయలేదు.

ఈ జాబితా వలన ఎంత మేలో ఒడిశా చూపింది. 1999 అక్టోబరు తుపానులో అక్కడ సుమారు పది వేల మంది చనిపోయారు. 2013లో ఫైలిన్ తుపాను వచ్చేనాటికి సుమారు పది లక్షల మందిని ముందే తరలించారు. మరణాలు యాభై లోపే. 2024 అక్టోబరులో దానా తుపానుకు ముందు, ప్రసవానికి దగ్గరగా ఉన్న గర్భిణీలు నాలుగు వేల మందికి పైగా ఆసుపత్రులకు చేరారు. ఆ రోజుల్లోనే వారిలో చాలామంది క్షేమంగా ప్రసవించారు. తుపాను ఎక్కడుందో ఉపగ్రహం చెప్పింది. గర్భిణీ ఏ ఇంట్లో ఉందో ఆశా కార్యకర్త రిజిస్టరు చెప్పింది. రెండూ కలిస్తేనే ఆ బిడ్డలు దక్కారు.

బంగ్లాదేశ్‌లో 1970 తుపానులో మూడు లక్షల మందికి తక్కువ కాకుండా చనిపోయారు. ఆ తరువాత ఆ ప్రభుత్వము, రెడ్‌క్రాస్ సంస్థ కలిసి ఊరూరా స్వచ్ఛంద సేవకులను తయారు చేశారు. రేడియోలో హెచ్చరిక వినగానే వారు జెండా ఎగరవేసి, మెగాఫోను పట్టుకుని ఇంటింటికీ తిరుగుతారు. 2007లో సిద్ర్ తుపాను వచ్చినప్పుడు మరణాలు సుమారు 3,400. పెద్ద యంత్రం చెప్పిన మాటను చివరి ఇంటికి మోసింది మనిషి కాళ్ళే.

"పోయినసారి ఏమీ కాలేదు గదా"

ఇది మేము తరచుగా వినే మాట. 2021 నవంబరులోనే రామచంద్రాపురం మండలంలోని రాయలచెరువు కట్టకు నీరు కారటం మొదలైంది. ఆ కట్ట తెగితే కింది ఊళ్ళ గతి ఏమిటని జిల్లా అంతా ఆందోళన పడింది. అధికారులు కింది గ్రామాల వారిని ఖాళీ చేయించారు. ఇసుక మూటలు వేసి కట్టను బలపరిచారు. కట్ట నిలిచింది. ఊళ్ళు మునగలేదు.

"అనవసరంగా ఇల్లు విడిచి తిరిగాం" అన్నవారూ ఉన్నారు. అయితే ఆలోచించండి. టీకా వేయించుకున్న బిడ్డకు జబ్బు రాకపోతే టీకా దండగ అంటామా? ఆపద రాకుండా పోయిన హెచ్చరిక అబద్ధపు హెచ్చరిక కాదు. అది తప్పిన ఆపద. పదిసార్లు కదిలి తొమ్మిదిసార్లు ఊరికే తిరిగి వచ్చినా, పదవసారి ఇంటిల్లిపాదీ ప్రాణాలతో ఉంటారు.

మీ ఇంట్లో చేయవలసినవి

యోసేపు మంచి పంటల ఏడేళ్ళలోనే కరవు ఏడేళ్ళకు ధాన్యం దాచాడు. ఎండ కాస్తుండగానే ఈ పనులు చేసుకోండి.

1. మందుల సంచి: ఏడు రోజులకు సరిపడా బి.పి., షుగరు, మూర్ఛ, ఆస్తమా, గుండె, టి.బి. మందులు ఒక ప్లాస్టిక్ సంచిలో ఉంచండి. గడువు తేదీ చూసి నెలకొకసారి మార్చండి.

2. చీటీలు: ఆసుపత్రి చీటీ, ఆధార్, ఆరోగ్యశ్రీ కార్డు ఫోనులో ఫోటో తీసి పెట్టుకోండి. మీ పిల్లల ఫోనుకు కూడా పంపండి.

3. ఇన్సులిను: కరెంటు లేకపోతే తడిపిన మట్టికుండలో, నీళ్ళు తగలకుండా డబ్బాలో పెట్టి ఉంచవచ్చు. ఐసు మీద నేరుగా పెట్టవద్దు. ఇల్లు విడిచేటప్పుడు అన్నిటికంటే ముందు ఇది తీసుకోండి.

4. డయాలసిస్: నారింజ రంగు హెచ్చరిక రాగానే మీ కేంద్రానికి ఫోను చేసి, వంతు ముందుకు జరపగలరేమో అడగండి.

5. గర్భిణీలు: తొమ్మిదో నెలలో ఉంటే వాగు దాటవలసిన ఊళ్ళో ఉండవద్దు. రోడ్డు ఉండగానే ఆసుపత్రి దగ్గరికి చేరండి.

6. ఫోను: పసుపు రంగు హెచ్చరిక నాడే నిండా చార్జి చేయండి. 112, 108, రాష్ట్ర కంట్రోలు రూము 1070, జిల్లా కంట్రోలు రూము 1077. ఈ నాలుగు నంబర్లు గోడ మీద పెద్ద అక్షరాలతో రాయండి.

7. పారే నీరు: మోకాలి లోతు పారే నీరు పెద్దవాళ్ళనైనా పడదోస్తుంది. అండర్ బ్రిడ్జిల కింద, మొరవ పారే రోడ్ల మీద బండి దింపవద్దు.

8. పుకార్లు: "ఫలానా డ్యాము తెగింది" అని వాట్సాప్‌లో వస్తే ముందుకు పంపకండి. 1077కి గాని, పంచాయతీ కార్యాలయానికి గాని అడిగి తెలుసుకోండి. తప్పుడు మాట విని చీకట్లో పరుగెత్తితే అదే ప్రమాదం.

9. వరద తగ్గాక: నీళ్ళు కాచి చల్లార్చి తాగండి, లేదా ఆశా కార్యకర్త ఇచ్చిన క్లోరిన్ మాత్రను ఆమె చెప్పిన కొలతతో వేసి అరగంట ఆగండి. విరేచనాలైతే లీటరు నీటికి ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు కలిపి తాగించండి. బురద నీటిలో నడిచిన తరువాత జ్వరం, ఒళ్ళు నొప్పులు, కళ్ళు ఎర్రబడటం ఉంటే ఆలస్యం చేయకుండా చూపించుకోండి. పాము కరిస్తే గట్టిగా కట్లు కట్టవద్దు, కోయవద్దు. ఆ కాలు గాని చెయ్యి గాని కదపకుండా నేరుగా ఆసుపత్రికి తీసుకురండి.

మీ సంఘంలో చేయవలసినవి

ప్రతి సంఘంలో ఒక కాగితం తయారు చేయండి. ఒంటరిగా ఉండే ముసలివారు, నడవలేనివారు, చూపు లేనివారు, వినబడనివారు, ఇన్సులిను, డయాలసిస్ రోగులు, గర్భిణీలు, ఫోను లేనివారు ఎవరెవరో రాయండి. ఒక్కొక్క పేరు ఎదుట, వారి తలుపు కొట్టే మనిషి పేరు రాయండి. స్త్రీల మైత్రి వారికి ఎవరింట్లో ఎవరున్నారో బాగా తెలుసు. యౌవనస్థులకు ఫోను, యాప్ బాగా తెలుసు. ఇద్దరూ కలిసి కూర్చుంటే ఒక్క ఆదివారం మధ్యాహ్నంలో ఈ పని అయిపోతుంది. ఈ కాగితం మన విశ్వాసులకే అనుకోవద్దు. ఆ వీధిలో ఏ మతం వారున్నా అందరి పేర్లూ రాయండి. నీళ్ళు గుమ్మం చూసుకుని రావు.

ఆ జాబితా గోప్యంగా ఉండాలి. ఎవరి జబ్బు ఏమిటో నలుగురిలో చదవకండి. పాస్టరుగారి దగ్గర ఒకటి, ఆశా కార్యకర్త దగ్గర ఒకటి ఉంటే చాలు. చర్చి గంట, మైకు ఉన్నచోట, ఆపద వేళ ఎన్నిసార్లు మోగిస్తే ఏమిటి అర్థమో ముందే అనుకోండి. కరెంటు పోతే మైకు పలకదు, గంట పలుకుతుంది.

మా వంతుగా, ఇన్సులిను, డయాలసిస్ రోగుల పేర్లను వీధుల వారీగా రాసి ఉంచటం మొదలుపెట్టాం. ఓ.పి. చీటీ తీసుకునేటప్పుడు "మీ ఇల్లు వంక పక్కనా? పక్కింటివారి ఫోను నంబరు ఏది?" అని మా సిబ్బంది అడుగుతారు. దయచేసి విసుక్కోకుండా చెప్పండి.

ఇంటిల్లిపాదీ కూర్చుని మాట్లాడుకోవలసిన ప్రశ్నలు

1. మన ఇంటికి దగ్గరలో నీళ్ళు మొదట ఎక్కడికి వస్తాయి? మనం ఏ దారిన, ఎక్కడికి వెళ్ళాలి?
2. మన ఇంట్లో మందు మానకూడని మనిషి ఎవరు? ఆ మందు ఎక్కడ ఉంది?
3. ఫోనులో హెచ్చరిక వస్తే, దానిని చదవలేని ఏ పొరుగువారికి మనం చెప్పాలి?

మూడవ ప్రశ్నకు ఒక పేరు వచ్చేదాకా లేవకండి. ఆ పేరు గల మనిషి ఇంటికి ఈ వారమే ఒకసారి వెళ్ళి పలకరించి రండి. చీకట్లో తలుపు కొట్టే చెయ్యి ఎవరిదో వారికి ముందే తెలిసి ఉంటే, తలుపు తొందరగా తెరుచుకుంటుంది.

రాబోయే వానాకాలంలో చెరువులు నిండి, కట్టలు నిలిచి, మన ఇళ్ళు క్షేమంగా ఉండునట్లు ప్రభువు కాపాడును గాక. మనలను ఒకరికొకరిని కావలివారిగా చేయును గాక.